ఆక్సైడ్ వీధి మలుపులో

బ్రోకెన్ హిల్‌లో వీధులకి మనుషుల పేర్లు తక్కువ.
ఆర్జెంట్, క్లోరైడ్, సల్ఫైడ్, కోబాల్ట్.
కెమిస్ట్రీ మాస్టారెవరో
ఊరికి బారసాల చేసినట్టుంది.
నేను పనిచేసే మందుల షాపు ఆక్సైడ్ వీధి మలుపులో.
కిటికీలోంచి చూస్తే ఊరి నడుమ
గని కక్కిన రాళ్ళగుట్ట.
ఎండ దాని మీదా నా మీదా
ఒక్క తీరునే పడుతుంది.

రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు లేచింది.
ముందు పెసరగింజంత, తర్వాత దేశపటం.
ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ అనరు.
చూపులు మాత్రం బుగ్గ దాకా వచ్చి
మర్యాదగా పక్కకి తప్పుకుంటాయి.
ఘాటు వాసనల క్రీములు రాశాను.
మంగు కదల్లేదు సరికదా
దాని చుట్టూ మొటిమలు కాపురం పెట్టాయి.
గోడకి సున్నం కొట్టినట్టు ఫౌండేషన్ పూశాను.
నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నం
సున్నం కారి కాలరు మీద ఎండింది.

అట్లాంటి ఒక గురువారం డోరీన్ వచ్చింది.
డెబ్భై మూడేళ్ళు. ముక్కు కొసన చిన్న గుంట,
ఎండ కొరికిన చోటుని డాక్టరు కోసి తీసేశాడు.
"నా చర్మం కోపిష్టిది, దేన్నీ ఒప్పుకోదు.
దీనికి సరిపడేదేమైనా ఉందా?"
అడుగు వరసలోంచి గుండ్రటి డబ్బా తీసి, దుమ్ము ఊది,
వేలు పెట్టి చదివాను:
జింక్ ఆక్సైడ్. ఐరన్ ఆక్సైడ్. మైకా.
అంతే. సెంటు లేదు, నూనె లేదు.
"జింకా?" పకపకా నవ్వింది.
"మా ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు తవ్విందే కదమ్మా!
రోజూ బట్టల మీద ఊరికే మోసుకొచ్చేవాడు,
కొసరుగా సీసం కూడా.
ఉతికి పెరట్లో పారబోశాను.
ఇప్పుడు అరవై డాలర్లా?"

నేను మూడో మాట దగ్గర ఆగిపోయాను.
మైకా అంటే అభ్రకం.
గూడూరు అవతల రేకుల షెడ్డులో
మా మేనత్త పెంచలమ్మ కొడవలితో
పొరలు పొరలుగా చీల్చింది అదే.
రాత్రి లాంతరు ఎత్తితే
మోచేతుల దాకా మిలమిల.
చిన్నప్పుడు అది సింగారమనుకున్నాను.
కాదు, కడిగినా పోని కూలి.
దగ్గు మాత్రం మిలమిలలాడేది కాదు.
ఈ డబ్బాలోది ఎవరు చీల్చారో
చీటీలో రాయలేదు.

డోరీన్ స్టూలు మీద కూచుంది, బడిపిల్లలా కళ్ళు మూసుకుని.
కుంచెతో చిటికెడు తీసి, డబ్బా అంచుకి తట్టి,
ముక్కు పక్కల, బుగ్గల మీద గుండ్రంగా తిప్పాను.
ఎరుపు మాయం కాలేదు.
జ్వరం దిగినట్టు సద్దుమణిగింది.
గుంట గుంటలాగే ఉంది.
ముడతల్లో ఎక్కడా పేరుకోలేదు.
"ఏదీ రాసినట్టు లేదే" అంది, అద్దంకేసి అనుమానంగా.
"టోపీ మానొద్దు, సన్‌స్క్రీన్ మానొద్దు" అన్నాను.
"నువ్వు మా అమ్మవా?" అంది.

ఆ సాయంత్రం షాపు మూసే ముందు
శాంపిల్ డబ్బా పట్టుకుని స్టోరు గదిలోకి దూరాను.
జేగురు రంగు షేడు, పేరు గుర్తులేదు.
రెండు గంటలైనా మంట లేదు, దురద లేదు.
ఇంటికెళ్ళి నీళ్ళు చల్లితే తేలిగ్గా దిగిపోయింది.
నాలుగు వారాలకి మొటిమలు కాపురం ఎత్తేశాయి.
మంగు మటుకు ఉంది,
పల్చటి తెర వెనక గుట్టలాగా.
దాన్ని మాన్పలేదు ఈ రాతిపొడి.
దానితో నా తగువు మాన్పింది.

నిన్న పడమటి నుంచి దుమ్ముగాలి లేచింది.
మూడింటికే వీధి దీపాలు వెలిగాయి.
తలుపు సందుల్లోంచి ఎర్రమన్ను దూరి
షాపంతా పరుచుకుంది,
దగ్గు మందుల మీద, బిల్లుల మీద, నా మీద.
స్కార్ఫు బిగించుకుని డోరీన్ లోపలికొచ్చి పడింది.
కౌంటరు మీద వేలితో ఒక గీత గీసింది.
ఆ వేలు తెచ్చి నా ముంజేతి పక్కన పెట్టి
అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ షేడే.
డబ్బులు పోసి కొన్నావు, పిచ్చిదానా."